వాన కబురు ఎవరి చేతికి?

మన దేశమున వాన కబురు చెప్పువారికి ఎన్నడును కొదవ లేదు. ఉగాదినాడు పురోహితుడు పంచాంగము విప్పి ఈ యేడు మేఘాధిపతి యెవ్వరో, ఎన్ని కుంచముల వాన కురియునో, అందు సముద్రము పాలెంత, కొండల పాలెంత, మన పొలముల పాలెంతయో చదివి వినిపించును. ముసలివారు చీమలబారును చూచియు, తూనీగలు ఎగురు ఎత్తును చూచియు చెప్పుదురు. రైతు కార్తెలను లెక్కించుకొనుచుండును. మృగశిర చల్లబడినదా, ఆరుద్రలో దుక్కి తడిసినదా యని అతని చూపంతయు ఆకసముమీదనే. ఉత్తర కార్తెలోనైనను వాన కానరానిచో బ్రదుకుదెరువునకై గంప నెత్తికెత్తుకొని వలస పోవలసినదే యను భావముతో పుట్టిన "ఉత్తర చూసి ఎత్తర గంప" యను సామెత మన పల్లెలలో పిల్లలకు సైతము తెలియును.

దొరతనమువారు ఈ పనికి పూనుకొనుటయు క్రొత్త కాదు. 1932లో పూనా నగరమున వాతావరణశాఖవారు వ్యవసాయమునకై ప్రత్యేకముగ నొక విభాగమును నెలకొల్పిరి. 1945లో రేడియోద్వారా రైతులకు వాతావరణ వార్తలు వినిపించుట మొదలాయెను. ఆ నాళ్లలో ఊరి కొక్క రేడియో యున్నచో అదియే గొప్ప. చావడివద్ద మగవారు చేరి వినుచుండగా ఆడువారు పొయ్యివద్దనో పశువుల కొట్టమువద్దనో యుండెడివారు. విన్న వార్త ఇల్లు చేరునప్పటికి దాని రూపు మారిపోయెడిది.

నేడు ఆ వార్త చేతిలో పట్టునంత ఫోనులోనికి వచ్చి చేరినది. 2004 జనవరి 21వ తేదీని కేంద్ర ప్రభుత్వమువారు రైతుల సందేహములు తీర్చుటకు కిసాన్ కాల్ సెంటరును తెరచిరి. 2013లో ఎం-కిసాన్ అను ఏర్పాటుచేత రైతుల ఫోనులకు చిన్న సందేశములు పంపసాగిరి. 2019లో వాతావరణశాఖవారును, వ్యవసాయ పరిశోధనామండలివారును, పూనాలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారును కలిసి "మేఘదూత్" అను యాప్‌ను సిద్ధపరచిరి. పేరు పెట్టినవారికి కాళిదాసు జ్ఞప్తికి వచ్చియుండును. ఆ కావ్యమున యక్షుడు మేఘముచేత భార్యకు కబురంపినాడు. ఇచ్చట మేఘముయొక్క కబురే భర్తకు వచ్చుచున్నది. అది భార్యకు చేరుచున్నదా లేదా యనునదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు ఊరక పుట్టినది కాదు. 2023 డిసెంబరు నెలలో మేము కృష్ణా పశ్చిమ డెల్టాలోని మా పినతల్లిగారి యూరికి పోయియుంటిమి. ఆ నెల 5వ తేదీని మిచాంగ్ తుపాను గంటకు 90 మొదలు 100 కిలోమీటర్ల గాలితో బాపట్ల దగ్గర తీరము దాటినది. మేము వెళ్లునప్పటికి ఎండ కాయుచుండెను గాని, ఊరిలో కాలు పెట్టుటకు చోటు లేదు. రోడ్డు అంచులను, బడి ఆవరణమును, గుడి మంటపమున సైతము ధాన్యమే. నూర్చినది కొంత, నూర్వనిది కొంత. పనలు విప్పిచూచిన వెన్నులకే తెల్లని మొలకలు వచ్చియుండెను. తడిసిన గడ్డియొక్క పుల్లని వాసన ఊరంతయు వ్యాపించియుండెను. మా పిన్నిగారు నడుమునకు కొంగు చుట్టుకొని, కాళ్లతో ధాన్యము నెరపుచు, మమ్ము చూచి నవ్వవలెనని యత్నించిరి గాని నవ్వు రాలేదు.

"నాలుగు రోజుల ముందే తెలుసునటమ్మాయీ. ఫోనులో వచ్చిందట. ఆ ఫోను మీ బాబాయి జేబులో ఉంది, ఆ జేబు గుంటూరులో ఉంది. ఇంక నాకెవరు చెబుతారు?" అనిరి.

జరిగిన దిది. వారికి మూడెకరముల సొంత భూమియు, రెండెకరముల కౌలు భూమియు గలవు. మా బాబాయిగారు దగ్గర బంధువునకు జబ్బుగా నుండుటచే పట్టణమునకు పోయి ఆసుపత్రిలో తోడుండిరి. శుక్రవారమునాడు ఆయన ఫోనునకు సందేశము వచ్చినది: తుపాను రాదగియున్నది, కోతలు ఆపుడు, కోసిన పనలున్నచో వెంటనే కుప్ప వేసి పట్టా కప్పుడు అని. ఆయన దానిని చూచిరి. "ఎప్పుడూ వచ్చేవే గదా" అనుకొని ఫోను మరల జేబులో వేసికొనిరి. మరునాడు ముందుగా మాట యిచ్చిన ప్రకారము కోతకూలీల ముఠా ఇంటికి వచ్చినది. ముఠాను త్రిప్పి పంపిన మరల దొరకుట కష్టము. పిన్నిగారు కొడవళ్లు పట్టించిరి. రెండెకరములు కోత పూర్తియై పనలు ఆరుటకు చేలో పరచియుండగా సోమవారమునుండి వాన పట్టినది. ఆ సందేశమొక్కటి ఆమె చేతిలో నున్నచో, ముఠా వచ్చిననాడే కోత మాని, ముందు కోసియున్న పనలను కుప్ప వేయించియుండెడివారు. ఆ మాట ఆమెయే చెప్పిరి.

ఇందు మా కన్నులకు రెండు లోపములు కనబడుచున్నవి. కబురు పని చేయు చేతికి అందలేదు. అందిన చేయి దానిని నమ్మలేదు. రెండవదానిని ముందు విచారింతము. ఏలయన దానిని మన మింటనే దిద్దుకొనవచ్చును.

మా బాబాయిగారు నమ్మకపోవుటకు కారణము లేకపోలేదు. అంతకు ముందు రెండు మారులు వాన యని సందేశము వచ్చినది, వాన రాలేదు. ఆ రెండు సందేశములు ఫోనులో ఇంకను నిలిచియుండగా మేము చదివి చూచితిమి. రెంటియందును "ఒకటి రెండు చోట్ల" అని యుండెను. ఈ మాట ఊరక వ్రాసినది కాదు. దానికొక కొలత గలదు. ఒక ప్రాంతమునందలి వానకొలత కేంద్రములలో నూటికి 25 లోపున మాత్రమే వాన పడునని తోచినప్పుడు వాతావరణశాఖవారు "ఒకటి రెండు చోట్ల" అందురు. 26 మొదలు 50 వరకైనచో "కొన్ని చోట్ల". 51 మొదలు 75 వరకైనచో "చాలా చోట్ల". ఆపైనైనచో దాదాపు అన్ని చోట్ల. కాగా "ఒకటి రెండు చోట్ల" అన్నప్పుడు నలుగురిలో ముగ్గురికి వాన రాకపోవుటయే సహజము. వాన రాని ఆ ముగ్గురును కబురు అబద్ధమని తిట్టుకొందురు. తుపాను కబురో, అట్టిది కాదు. అది ఏ జిల్లాలకు, ఏ దినమున, ఎంత గాలితో వచ్చునో స్పష్టముగ చెప్పును. రెండు కబుళ్లను ఒక్క గాట కట్టివేయుటచేతనే మా బాబాయిగారు మోసపోయిరి.

వాన లెక్కయు నిట్లే తెలిసికొనదగినది. ఒక దినమున 15.6 మిల్లీమీటర్లనుండి 64.4 వరకు పడినచో దానిని మోస్తరు వాన యందురు. 64.5 నుండి 115.5 వరకు భారీ వర్షము. 204.4 వరకు అతి భారీ వర్షము. దానిని మించినచో అత్యంత భారీ వర్షము. మిల్లీమీటరన్నది మన యిల్లాండ్రకు అలవాటైన కొలత కాదు గనుక బిందెలలో చెప్పుదుము. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక లీటరు నీరు. ఎకరమనగా 4,047 చదరపు మీటర్లు. 65 మిల్లీమీటర్ల వాన కురిసిన యెకరముమీద 2 లక్షల 63 వేల లీటర్ల నీరు పడినట్లు. పదునైదు లీటర్ల బిందెతో కొలిచినచో పదునేడువేల బిందెలకు మించును. భారీ వర్షమను మాటకు మొదటి మెట్టే ఇంత యని తెలిసినపిమ్మట, కళ్లములో ధాన్యమున్న యే యిల్లాలును ఆ మాటను తేలికగా త్రోసివేయదు.

రంగులును గలవు. పచ్చరంగున్నచో భయము లేదు. పసుపుపచ్చ యున్నచో కనిపెట్టి యుండుడని యర్థము. నారింజరంగు వచ్చినచో సిద్ధపడుడని. ఎరుపు వచ్చినచో ఆలోచింపక చేయవలసిన పని చేయుడని. అక్షరములు రాని అత్తగారికి కూడ ఈ రంగులు ఒక్కసారి చెప్పినచో చాలును.

ఈ సలహాలు తయారగు విధము టూకీగా చెప్పి ముందుకు పోవుదుము. వాతావరణశాఖవారు రాబోవు ఐదు దినములకు వాన, వేడిమి, గాలి, తేమ, మబ్బు ఎట్లుండునో లెక్కగట్టుదురు. వ్యవసాయ విశ్వవిద్యాలయముల పండితులు, ఆ లెక్కను ముందుంచుకొని, ఆయా జిల్లాలలో ఆ వారమున పైరు ఏ దశలో నున్నదో చూచి, ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో వ్రాయుదురు. ఈ పత్రిక మంగళవారము, శుక్రవారము వెలువడును. తెలుగులోను లభించును.

వరిపైరునకు దీనివలన ఉపయోగ మేమని అడుగవచ్చును. జొన్నవలె, కందివలె గాక వరి మొదటినుండి తుదివరకు నీటితో చెలిమి చేయు పైరు. అయినను ఆ నీరే వేళ కాని వేళ వచ్చినచో శత్రువగును. యూరియా చల్లిన మరునాడు కుండపోతగా వాన కురిసినచో ఆ యెరువు కాలువ పాలగును. పురుగుమందు కొట్టిన గంటకే వాన వచ్చినచో మందును, కూలియును, వీపున పంపు మోసిన కష్టమును, అన్నియు నీళ్లలో కలియును. ఆ దినమున ఆ పని చేయకుమని చెప్పు సందేశము, పైరునకు మేలు చేయకపోయినను, ఇంటి డబ్బు నిలుపును. మబ్బు పట్టి, మంచు కురిసి, రాత్రులు చల్లబడునప్పుడు అగ్గితెగులు వ్యాపించును. ముందుగా తెలిసినచో చేను చుట్టి చూచుకొనవచ్చును.

కాని వరిసేద్యమున అన్నిటికంటె ప్రమాదమైన సమయము కోత. ఆరునెలల కష్టము పది దినములలో ఇల్లు చేరవలెను. మన తీరమునకు తుపానులు విరివిగా వచ్చు అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలోనే మన సార్వా పంట కంకి వేసి, పండి, కోతకు వచ్చుట దైవ విపరీతము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమంది వరకు ప్రాణములు కోల్పోయిరి. ఆనాడు సముద్రపుటొడ్డు గుడిసెలకు కబురు చేర్చు సాధనమే లేకపోయెను. నేడు మచిలీపట్టణములో రాడారున్నది, ఆకసమున ఉపగ్రహములున్నవి, జనులను ముందుగనే ఎత్తు ప్రదేశములకు తరలింపగలుగుచున్నారు. ప్రాణము దక్కుచున్నది, పంట దక్కుట లేదు. ఈ పంట దక్కించుకొనుటలోనే చేతిఫోను కబురునకు పని యున్నది.

తుపాను వచ్చునని నాలుగు దినములు ముందుగా తెలిసినచో చేయదగినవి ఇవి. పండినను కోయని చేనుకంటె, కోసి పనలుగా పరచిన చేను ఎక్కువ చెడును; కావున కోత నిలుపవలెను. పరచిన పనలున్నచో పచ్చిగానున్నను కుప్ప వేసి పైన పట్టా కప్పవలెను. పొలములోని నీరు పోవుటకు గట్టు తెంపి బోదె తీయవలెను. వాన వెలిసినపిమ్మట, పనలు తడిసియున్నచో, లీటరు నీటికి 50 గ్రాముల లెక్కను ఉప్పు కరగించి వెన్నులమీద చల్లవలెను. ఈ ఉప్పునీరు గింజ మొలకెత్తకుండ ఆపును. రెండువందల లీటర్ల నీటికి పది కిలోల ఉప్పు చాలును. ఇందులకు ఏ మందుల దుకాణమునకును పోనక్కరలేదు, మన వంటయింటి కల్లుప్పే. మా పిన్నిగారికి ఈ సంగతి తుపాను వెలిసిన నాలుగవనాడు ఎవరో చెప్పిరట. అప్పటికి మొలకలు అంగుళము పొడుగు వచ్చియుండెను.

తడిసిన ధాన్యమును ఎండబోయుట యెవరి పని? అందరికిని తెలిసినదే. ప్రభుత్వమువారు కొనునప్పుడు ధాన్యమున తేమ నూటికి 17 మించరాదందురు. ఆ పదునేడునకు దింపుటకు ఉదయమున నెరపి, గంట కొకసారి కాళ్లతో త్రిప్పి, సాయంకాలము ప్రోగుచేసి పట్టా కప్పి, రాత్రి మబ్బు చూచి నిద్రలేచునది ఆడుది. నారు పీకి ఊడ్చునది ఆడుది. కలుపు తీయునది ఆడుది. వచ్చు సంవత్సరమునకు విత్తనము గాదెలో నెత్తిపెట్టి పురుగు పట్టకుండ చూచునదియు ఆమెయే. కాని ఫోను మాత్రము జేబులో నుండును. చీరకు జేబు లేదు.

ఇది పరిహాసము కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, తాము స్వయముగ వాడుకొను సెల్‌ఫోను గల స్త్రీలు మన దేశమున నూటికి 54 మంది మాత్రమే యని తేలినది. ఇంటర్నెట్టు ఎన్నడైనను వాడియున్న స్త్రీలు ఆంధ్రప్రదేశములో నూటికి 21 మంది. పురుషులో, 48 మందికి మించియున్నారు. తెలంగాణములో స్త్రీలు 26 మంది, పురుషులు 57 మంది. ఈ లెక్కల తరువాత కొంత మార్పు వచ్చియుండుట నిజమే. ఇప్పుడు కోడండ్ర చేతులలోను, కళాశాలకు పోవు కూతుండ్ర చేతులలోను ఫోనులు కనబడుచున్నవి. కాని సందేశము పంపుటకు వ్రాసికొన్న నంబరు ఎవరిది? పట్టాదారుదో, లేక ఇంటి యజమానిదో. కౌలు భూమి యైనచో మరియు చిక్కు. భూమి యెవరి పేర నున్నదో వారి నంబరే పుస్తకములో నున్నచో, హైదరాబాదులో మేడమీద కూర్చున్న భూస్వామికి "పనలు కుప్ప వేయుడు" అని సందేశము పోవును. పొలములో నిలిచిన కౌలురైతునకు పోదు. మా పిన్నిగారి రెండెకరముల కౌలు సంగతి యిట్టిదే యాయెను.

పంట సంగతి యట్లుండగా, ప్రాణమును కాపాడు కబురును ఒకటి గలదు. ఊడ్పుల కాలమున మోకాలిలోతు నీటిలో వంగి పనిచేయుచున్న స్త్రీలమీద పిడుగు పడిన వార్త ప్రతి సంవత్సరము పత్రికలలో చదువుచునే యున్నాము. 2022లో మన దేశమున పిడుగుపాటువలన 2,887 మంది మరణించిరని ప్రభుత్వ నేరగణాంక సంస్థవారు ప్రకటించిరి. పూనాలోని ఆ సంస్థవారే "దామిని" యను మరియొక యాప్‌ను తయారు చేసిరి. ఇరువది, నలువది కిలోమీటర్ల లోపల పిడుగులు పడుచున్నచో అది హెచ్చరించును. ముఠాలో పదిమంది స్త్రీలున్నచో ఒక్కరి చేతనైనను ఇది యుండవలెనని మేము గట్టిగా కోరుచున్నాము. హెచ్చరిక వచ్చినంతనే నీటిలోనుండి బయటికి వచ్చి, చెట్టు క్రిందికి పోక, పక్కా యింటిలోనికి చేరవలెను. మేస్త్రీ గొణిగినచో గొణుగనిండు. గంట కూలి పోయినచో రేపు సంపాదించుకొనవచ్చును.

ఇంతవరకు నాలుగైదు దినముల ముందు చెప్పు కబురును గూర్చి వ్రాసితిమి. నెల ముందుగా చెప్పగలిగినచో ఎట్లుండును? తొలకరి ఎన్నడు వచ్చునో తెలిసినచో నారుమడి ఎన్నడు పోయవలెనో తెలియును. నారు ఇరువదియైదు, ముప్పది దినములలో ఊడ్చినచో దుబ్బు బాగుగ కట్టును. ముదిరినచో పిలకలు తగ్గును. మొదటి వానకు ఆశపడి నారు పోసి, తరువాత నెలంతయు వాన లేక, బిందెలతో నీరు మోసి నారుమడి తడుపుకొన్న యింటివారు మన పాఠకురాండ్రలో ఎందరో యుందురు.

2022 వానకాలములో తెలంగాణములోని 250 గ్రామములలో, చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన ఫియొనా బర్లిగ్, అమీర్ జీనా మున్నగు పండితులు దీనిని పరీక్షించి చూచిరి. కొన్ని గ్రామముల రైతులకు తొలకరి వచ్చు కాలమును చాల ముందుగ తెలిపిరి. కొన్ని గ్రామములవారికి తెలుపలేదు. తాము తలచినదానికంటె వాన ఆలస్యమగునని విన్నవారు ఆ యేడు సాగు విస్తీర్ణము తగ్గించుకొనిరి. తలచినదానికంటె ముందు వచ్చునని విన్నవారు విత్తనములకును ఎరువులకును ఎక్కువ ఖర్చు పెట్టిరి. మన రైతు మూఢుడని, చెప్పిన మాట వినడని పట్టణములలో కూర్చుని అనువారికి ఇది మంచి జవాబు. నమ్మదగిన మాట నమ్మదగినట్లు చెప్పినచో అతడు వినును. విని, తన లెక్క తాను వేసికొనును.

2025లో ఈ పని చాల పెద్దయెత్తున జరిగినది. పూర్వపు వాతావరణ లెక్కలను చదివి కంప్యూటరు తానే నేర్చుకొను క్రొత్త పద్ధతితో, తొలకరి కబురును నాలుగు వారముల ముందువరకు లెక్కగట్టి, 13 రాష్ట్రములలో 3 కోట్ల 80 లక్షల రైతులకు కేంద్ర వ్యవసాయశాఖవారు ఫోను సందేశములు పంపిరి. ఆ సంవత్సరము నైరుతి ఋతుపవనములు మే 24వ తేదీనే కేరళమునకు వచ్చెను. అందరును సంతోషించిరి. పిమ్మట అవి ఉత్తరమునకు సాగక సుమారు ఇరువది దినములు నిలిచిపోయెను. ఆ నిలుపుదలను సందేశములు ముందే పసిగట్టి చెప్పెననియు, వాన మరల సాగువరకు రైతులకు క్రొత్త కబుళ్లు పంపుచుండిరనియు ప్రభుత్వమువారు తెలిపిరి. తొలివాన చూచి తొందరపడి విత్తు చల్లువారికి ఇంతకంటె మేలైన మాట యేమున్నది!

మెచ్చుకొనదగినదానిని మెచ్చుకొంటిమి గనుక, ఇక నొచ్చుకొనదగినదానిని చెప్పక తప్పదు. జిల్లా కంతకు ఒక్క సలహా యన్నచో, కాలువ మొదటనున్న చేనికిని, కాలువ చివర ఉప్పునేలలోనున్న చేనికిని ఒకే మందు ఇచ్చినట్లు. ఇది గ్రహించియే 2018 తరువాత దేశమున 199 జిల్లాలలో కృషి విజ్ఞాన కేంద్రములయందు చిన్న వాతావరణ విభాగములు పెట్టిరి. అందులోని యుద్యోగులు ఊళ్లు తిరిగి రైతులను చూచి సలహాలు వ్రాసెడివారు. 2024లో వానిని మూసివేసిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 24న గ్రామపంచాయతీలకు విడివిడిగా వాతావరణ సూచన ఇచ్చు ఏర్పాటు ప్రారంభించిరి. 2025 మే నెలలో ఆరు కిలోమీటర్ల చదరమునకు ఒక లెక్క కట్టగల క్రొత్త విధానమును వాతావరణశాఖవారు ప్రవేశపెట్టిరి. యంత్రము దగ్గరకు వచ్చినది, మనిషి దూరమైనాడు. ఈ బేరము మాకు రుచింపలేదు. మబ్బు లెక్క యంత్రము కట్టును గాని, కాలువ చివరనున్న చేను చూచి "అమ్మా, మీరు రెండు దినములాగి కోయండి" అని చెప్పుటకు మనిషి కావలెను.

భాషయు నట్లే. "గాలిలో సాపేక్ష ఆర్ద్రత" అని వ్రాసిన సందేశమును మేమే రెండు మారులు చదువవలసి వచ్చినది. చెమ్మ యన్న పోవునది! వ్రాతకంటె మాట మేలు. అక్షరములు రాని ముసలమ్మయు చెవి యొగ్గి వినగలదు. అందులకు కిసాన్ కాల్ సెంటరున్నది. 1800-180-1551 అను నంబరునకు ఉదయము ఆరు గంటలనుండి రాత్రి పదిగంటలవరకు ఏ ఫోనునుండియైనను పిలువవచ్చును. డబ్బు పడదు. తెలుగులోనే మాటలాడుదురు. పెద్ద ఫోను అక్కరలేదు, మీటలు నొక్కు చిన్న ఫోనైనను చాలును. ఆడుది పిలిచిన నవ్వుదురేమో యని సంకోచింపవలదు. వరికి పట్టిన పురుగునకు ఆడు మగ తెలియదు.

సంఘములలో కూడు సోదరీమణులకు మా మనవి యొకటి గలదు. ఇప్పుడు ఊరూర పొదుపు సంఘములున్నవి. వారము వారము కూడుచున్నారు. బాకీల లెక్క చూచుకొనుటకు ముందు ఐదు నిముషములు, చదువు వచ్చిన యమ్మాయిచేత ఆ వారపు వాతావరణ పత్రికను బిగ్గరగా చదివించినచో, ఆ పదిమంది యిండ్లకును కబురు చేరును. ఫోను లేని యామెకును చేరును. ఎవరి జేబునో వెదకికొన నక్కరలేదు.

మా పిన్నిగారి యింట ఈ మార్పు వచ్చుటకు ఎక్కువ కాలము పట్టలేదు. ఆ చెడిన ధాన్యము రంగు మారినదని చెప్పి తక్కువ ధరకు కొన్ననాటి సాయంకాలమే, మా బాబాయిగారు ఎవరును అడుగకుండగనే తమ పెద్దకోడలి నంబరు వ్రాయించి వచ్చిరట. ఆమె పదవ తరగతివరకు చదివినది. మంగళవారము, శుక్రవారము భోజనములైన తరువాత ఆమె చదువును, మామగారు ఊఁ కొట్టుదురు, అత్తగారు ప్రశ్నలు వేయుదురు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరము దాటినప్పుడు చేను పొట్టదశలో నుండెను. కోయుటకు లేదు, కప్పుటకు లేదు. రెండు దినములు ముందుగా అత్తాకోడండ్రు పారలు పట్టి గట్లు తెంపి నీరు తీసివేసిరి. తెచ్చిపెట్టిన యూరియా బస్తా విప్పలేదు. చేను కొంత పడిపోయినది, కొంత నిలిచినది. ప్రక్కవారి చేను పది దినములవరకు నీటిలో నానినది.

డిసెంబరు కోతలలో మరల మేము వెళ్లితిమి. కళ్లమున రెండు కుప్పలు నున్నగా వేసియుండెను. ముందటి శుక్రవారమునాడు వాన యని సందేశము రాగా, పట్టాలు అద్దెకు తెచ్చి రెండు రాత్రులు కప్పి యుంచిరి. చినుకు రాలలేదు.

"పట్టాల అద్దె దండుగ" అని మా బాబాయిగారు అరుగుమీదనుండి అనిరి.

"మామయ్యగారూ, ఒకటి రెండు చోట్ల అని వచ్చింది" అని కోడలు లోపలినుండి జవాబు చెప్పినది.

"అయితే ఆ ఒకటీ రెండూ మనవి కాదన్నమాట, అంతేగా" అని పిన్నిగారు పట్టా రెండవ కొస మా చేతికిచ్చి మడత పెట్టుమనిరి.